పాత ఉత్తరాల కట్టలు: వయస్సు ఒక్కటే కొలమానమా?

ఉత్తరం వ్రాయడం ఎంత పాత విద్యయో, వచ్చిన ఉత్తరాన్ని దాచడం కూడా అంత పాత విద్యయే. పల్లెలో ఇంటి యజమాని వచ్చిన కార్డులను, కవర్లను ఇనుప తీగకు గుచ్చి దూలానికి తగిలించేవాడు. కచేరీలో గుమాస్తా వాటిని దస్త్రంలో చేర్చి, పైన అట్ట పెట్టి, తాడుతో కట్ట కట్టి రికార్డు గదికి పంపేవాడు. తీగ నిండినప్పుడు యజమానికీ, గది నిండినప్పుడు గుమాస్తాకూ ఒకే ప్రశ్న ఎదురయ్యేది. వేటిని ఉంచవలె? వేటిని తీసివేయవలె?

1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు ఆర్పానెట్ అనే యంత్రజాలం మీదుగా ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు సందేశం పంపే పద్ధతిని కనిపెట్టాడు. చిరునామాలో మనిషి పేరుకూ, యంత్రం పేరుకూ నడుమ ‘ఎట్’ గుర్తును ఉంచినవాడు ఆయనే. నేడు ఆ పద్ధతి పెరిగి పెద్దదై, జిల్లా కార్యాలయం మొదలు మండలంలోని ఉన్నత పాఠశాల వరకు ఈ-మెయిల్‌గా వ్యాపించి ఉన్నది. కాగితం లేకపోయినంత మాత్రాన పాత ప్రశ్న తీరలేదు. కాగితం ఖర్చు లేదు గనుక ఉత్తరాల సంఖ్య ఇంకా పెరిగినది. వాటితో పాటు ప్రశ్న కూడా పెద్దదయినది.

ఈ ప్రశ్నకు సమాధానంగా కొన్ని ఈ-మెయిల్ ప్రోగ్రాములలో ఒక ఏర్పాటు చేయబడినది. పాతబడిన ఉత్తరాలను యంత్రమే గుర్తించి, తనంతట తానే తీసి వేరొక చోట సర్దుతుంది. మైక్రోసాఫ్టువారి ఔట్లుక్‌లో దీనిని ‘ఆటో ఆర్కైవ్’ అంటారు. ఈ పనిలో ఎక్కువగా వాడుకలోకి వచ్చిన ఏర్పాటు ఇదే కాబట్టి, దాని గుణదోషాలను పరిశీలించడం ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ప్రయోజనకరం. యంత్రాన్ని ఎట్లా నడపవలెనో తెలియడం ఒక ఎత్తు. ఆ యంత్రం ఏ సూత్రం మీద తీర్పు చెబుతున్నదో తెలియడం మరొక ఎత్తు.

యంత్రం చేసే పని

ఆటో ఆర్కైవ్ పని తీరు చాలా సులభమైనది. మొదట నిర్ణయించి ఉంచిన ప్రకారం అది 14 రోజులకు ఒకసారి మేలుకుంటుంది. ఒక్కొక్క ఫోల్డరును తెరచి, అందులోని ఒక్కొక్క ఉత్తరం వయస్సు చూస్తుంది. గడువు దాటిన ఉత్తరం కనబడితే, దానిని అసలు చోటు నుండి తీసి, ఆర్కైవ్ అనే వేరొక ఫైలులో పెడుతుంది. ఫోల్డరుకు ఫోల్డరుకు గడువు వేరు. ఇన్‌బాక్స్‌కు 6 నెలలు, పంపిన ఉత్తరాలుండే ‘సెంట్ ఐటమ్స్’కు 2 నెలలు, పంపవలసినవి నిలిచే ‘అవుట్‌బాక్స్’కు 3 నెలలు. పరిచయస్థుల చిరునామాలకు మాత్రం గడువు లేదు. చిరునామా పాతబడినంత మాత్రాన మనిషి పోడు గదా!

ఈ గడువులన్నీ తయారుచేసినవారు మొదటగా ఇచ్చినవి. వాడుకరి వీటిని మార్చుకోవచ్చును. ‘ఫైల్’లో ‘ఆప్షన్స్’, అందులో ‘అడ్వాన్స్‌డ్’ తెరచినచో ఎన్ని రోజులకు ఒకసారి నడవవలెను, నడిచే ముందు అడగవలెనా వద్దా, పాతవాటిని వేరే ఫైలుకు తరలించవలెనా లేక శాశ్వతంగా చెరిపివేయవలెనా అన్నవి కనబడతవి. ఒక ఫోల్డరు మీద మౌసు కుడి మీట నొక్కి ‘ప్రాపర్టీస్’ తెరచినచో ఆ ఒక్క ఫోల్డరుకు ప్రత్యేకమైన గడువు పెట్టవచ్చును. లేదా ‘దీని జోలికి పోవద్దు’ అని చెప్పవచ్చును. వెనుకటి రూపాలలో ఈ ఏర్పాటు తనంతట తానే మొదలయ్యేది. తరువాతి రూపాలలో వాడుకరి కోరి మొదలుపెట్టుకొనవలసి ఉన్నది.

మెచ్చదగిన గుణాలు

దోషాలు చెప్పబోయే ముందు గుణాలు చెప్పడం న్యాయం. మొదటి గుణం, ఈ ఏర్పాటు పుట్టిన కాలంలో ఇది నిజంగా అవసరమైనది. ఔట్లుక్ 2002 వరకు ఉత్తరాల ఫైలు లోపలి స్థానాలను 32 బిట్ల సంఖ్యలతో గుర్తించేవారు. ఆ నిర్మాణంలో ఫైలు 2 గిగాబైట్లను మించి పెరగరాదు. మించబోయినచో ఫైలు చెడిపోయి, లోపలి ఉత్తరాలన్నిటికీ ముప్పు వచ్చేది. అట్టి పరిస్థితిలో అప్పుడప్పుడు బరువు దింపే ఏర్పాటు ఉండడం మేలే. 2003లో 64 బిట్ల నిర్మాణం రావడంతో ఈ హద్దు 20 గిగాబైట్లకు, 2010 రూపంలో 50 గిగాబైట్లకు పెరిగినది.

రెండవ గుణం, తరలించిన ఉత్తరాలను ఒక కుప్పగా పోయకుండా, ఏ ఫోల్డరులోని వాటిని ఆ పేరు గల ఫోల్డరులోనే సర్దడం. చిందరవందర కాదు గనుక వెదకుకొనవచ్చును. మూడవది, చేయవలసిన పనుల పట్టిక విషయంలో చూపిన వివేకం. పూర్తికాని పని ఎంత పాతదైనా ఆటో ఆర్కైవ్ దానిని కదల్చదు. పూర్తి అయినట్లు గుర్తు పెట్టిన తరువాతనే దాని వయస్సు లెక్కలోకి వస్తుంది. పని స్థితిని చూసి తీర్పు చెప్పడం అంటే ఇదే. కాని ఇంత వివేకం పనుల పట్టిక దగ్గరనే ఆగిపోయినది. ఉత్తరాల దగ్గరకు వచ్చేసరికి యంత్రం వయస్సు తప్ప మరొకటి చూడదు. ముఖ్యమైన విమర్శ అంతా ఇక్కడ మొదలవుతున్నది.

ప్రశ్న ఒకచోట, జవాబు ఒకచోట

కోయిలకుంట్లలో ఒక ఉన్నత పాఠశాల ఉన్నదనీ, దాని కార్యాలయంలో మొదటి గడువులనే మార్చకుండా వాడుతున్నారనీ ఊహించుకుందాం. పదవ తరగతి విద్యార్థి ఒకని పుట్టిన తేదీలో తేడా ఉన్నదని, సరియైన తేదీ తెలుపవలసినదని పరీక్షల కార్యాలయం నుండి జనవరి 10న ఒక మెయిల్ వచ్చినది. ప్రధానోపాధ్యాయులు అడ్మిషన్ రిజిస్టరు చూసి జనవరి 12న జవాబు పంపారు. ప్రశ్న ఇన్‌బాక్స్‌లో ఉన్నది. జవాబు సెంట్ ఐటమ్స్‌లో ఉన్నది. మార్చి నెల రెండవ సగంలో ఆటో ఆర్కైవ్ నడిచినది. జవాబుకు 2 నెలలు నిండినవి కాబట్టి అది ఆర్కైవ్ ఫైలుకు వెళ్ళిపోయినది. ప్రశ్నకు 6 నెలల గడువు ఉన్నది గనుక అది జూలై వరకు ఇన్‌బాక్స్‌లోనే ఉంటుంది.

మే నెలలో ఆ విద్యార్థి తండ్రి వచ్చి, “సార్, మావాని తేదీ సంగతి ఏమయినది?” అని అడిగితే, గుమాస్తాకు ప్రశ్న కనబడుతుంది, జవాబు కనబడదు. జవాబు పోలేదేమోనని అనుమానించి మరొకసారి వ్రాస్తాడు. ఆ రెండవసారి పొరపాటున వేరొక తేదీ పడితే, ఆ విద్యార్థికి సర్టిఫికెట్టు మీద వచ్చే చిక్కు జీవితాంతం వదలదు.

దీనికి కారణం ఏమి? యంత్రం ఉత్తరాన్ని విడి వస్తువుగా చూస్తున్నది. ఉత్తర ప్రత్యుత్తరం అనేది రెండు పక్కల మాట. రెండూ కలిస్తేనే అర్థం. పాత కచేరీ దస్త్రంలో వచ్చిన కాగితం, దాని మీద వ్రాసిన నోటు, పంపిన జవాబు నకలు మూడూ ఒకే అట్టలో ఉండేవి. దస్త్రం గదికి పోయినా మూడూ కలిసే పోయేవి. పంపినదానికి 2 నెలలు, వచ్చినదానికి 6 నెలలు అన్న నియమం ఆ దస్త్రాన్ని నడిమికి చింపినట్లు అయినది. ఈ రెండు గడువులను సమానం చేయడం వాడుకరి చేసుకొనవలసిన మొదటి సవరణ.

వయస్సును లెక్కించే తీరు

ఉత్తరం వయస్సు అంటే అది వచ్చిన రోజు నుండి గడిచిన కాలమని ఎవరైనా అనుకుంటారు. ఔట్లుక్ అట్లా అనుకోదు. వచ్చిన తేదీ, చివరిసారి మార్పు జరిగిన తేదీ, ఈ రెండింటిలో తరువాతిది ఏదో దానిని లెక్కకు తీసుకుంటుంది. ఎవరైనా ఆ ఉత్తరాన్ని ఒక ఫోల్డరు నుండి మరొక ఫోల్డరుకు మార్చినా, దానిలో ఏదైనా సవరించినా, అది మార్పు కిందికే వస్తుంది.

ఇందులో కొంత న్యాయం లేకపోలేదు. నిన్న చేయి పెట్టిన ఉత్తరం ఇంకా పనిలో ఉన్నదే గదా! కాని ఫలితం వింతగా ఉంటుంది. పాత కంప్యూటరు పాడై, 2015 నుండి ఉన్న ఉత్తరాలన్నిటిని ఒకే రోజున కొత్త కంప్యూటరుకు చేర్చినారనుకుందాం. వేలాది ఉత్తరాల మీద ఆ ఒక్క రోజు తేదీయే మార్పు తేదీగా పడవచ్చును. యంత్రం దృష్టిలో అవన్నీ ఆ రోజు పుట్టిన శిశువులు. ఆరు నెలల పాటు ఒక్కటీ కదలదు. గడువు సరిగానే పెట్టితిమి గదా, ఇవి ఎందుకు పోవడం లేదని వాడుకరి తికమక పడతాడు. ఆరు నెలలు నిండిన తరువాత అన్నీ ఒక్కసారి మాయమవుతవి. అప్పుడు ఇంకా తికమక పడతాడు. కొలిచే సాధనం ఏమి కొలుస్తున్నదో తెలియకుండా కొలత తీయరాదని ప్రయోగశాలలో విద్యార్థులకు చెప్పే మాట ఇక్కడ కూడా వర్తిస్తుంది.

చోటు తినేది ఏది?

ఆర్కైవ్ చేయడానికి చెప్పే కారణం చోటు చాలకపోవడం. అయితే చోటును నిజంగా తినేది ఏది? చిన్న లెక్క వేసి చూడవచ్చును. యూనికోడ్ పద్ధతిలో, సాధారణంగా వాడే యు.టి.ఎఫ్-8 వ్రాతలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతవి. ‘క’ అంటే ఒక సంకేతం. ‘కి’ అంటే అక్షరమూ గుడీ కలిసి రెండు. 2,000 సంకేతాల తెలుగు ఉత్తరానికి 6,000 బైట్లు చాలును. చిరునామా వగైరా వివరాలను విడిచి లెక్కించినచో, వెనుకటి 2 గిగాబైట్ల ఫైలులోనే ఇట్టివి మూడున్నర లక్షలకు పైగా పట్టేవి. రోజుకు 20 ఉత్తరాల చొప్పున వచ్చినా అది నిండడానికి 48 సంవత్సరాలు కావలెను.

ఇప్పుడు సెల్‌ఫోనుతో తీసిన ఒక ఫోటోను చూడండి. అది 30 లక్షల బైట్లు ఉన్నదనుకుంటే, ఒక్క ఫోటో 500 ఉత్తరాలంత చోటు తింటుంది. స్వాతంత్ర్య దినోత్సవం నాడు పాఠశాల నుండి పంపే పది ఫోటోలు 5,000 ఉత్తరాలకు సమానం. అంటే పెట్టెను నింపుతున్నవి మాటలు కావు, వాటికి అంటించిన బొమ్మలు. చోటు కోసమే సర్దుతున్నట్లయితే యంత్రం చూడవలసినది బరువును. ఆటో ఆర్కైవ్ బరువును చూడదు. నిన్న వచ్చిన పెద్ద ఫోటోను ఇన్‌బాక్స్‌లో ఉంచి, నిరుడు వచ్చిన నాలుగు వాక్యాల ఉత్తర్వును బయటికి పంపుతుంది. బరువును బట్టి వెదికే మరొక సాధనం ‘మెయిల్‌బాక్స్ క్లీనప్’ పేరుతో అదే ప్రోగ్రాములో ఉన్నది. కాని ఆటో ఆర్కైవ్ నియమాలలో దాని ఊసు లేదు.

పదకొండు రూపాయల పద్దు

పాత కాగితం విలువ దాని వయస్సుతో ఎట్లా మారుతుందో తెలియడానికి కోయిలకుంట్ల చరిత్ర కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం మీద తిరుగబడి కోయిలకుంట్ల ఖజానా మీద దాడి చేశాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలోనే ఆయనను ఉరితీశారు. తిరుగుబాటుకు గల కారణాలు చెప్పేటప్పుడు చరిత్రకారులు కట్టుబడి ఇనాముల జప్తుతో పాటు ఒక భరణం సంగతి తప్పక చెబుతారు. నొస్సం పాలెగాండ్ర వంశానికి సంబంధించిన ఆ భరణంలో ఆయనకు నెలకు ముట్టుతుండినది 11 రూపాయల 10 అణాల 8 పైసలు.

ఇటువంటి పద్దు వ్రాసిన నాడు దాని విలువ ఎంత? ఆ నెల జమాఖర్చు సరిచూసినంతవరకే. మరుసటి నెలకు అది పాత పద్దు. మరుసటి ఏటికి ఎవరూ తిరిగి చూడని పద్దు. ఆరు నెలలు దాటినవాటిని చెరిపివేయమని నియమం పెట్టిన యంత్రం ఏదైనా ఆనాటి కచేరీలో ఉండి ఉంటే, ఇట్టి అంకెలే అన్నిటి కంటే ముందు పోయేవి. నేడు మాత్రం, ఒక మనిషికీ రాజ్యానికీ నడుమ తగవు ఎక్కడ మొదలయినదో చూపడానికి ఆ చిన్న అంకె సాక్ష్యమిస్తున్నది.

కోయిలకుంట్ల మరొక పాఠం కూడా నేర్పుతుంది. 1846లో ఈ తాలూకా కడప జిల్లాలో ఉండేది. 1858లో కర్నూలు జిల్లాలో చేరినది. 2022 ఏప్రిల్ 4 నుండి నంద్యాల జిల్లాలో ఉన్నది. ఊరు కదలలేదు, జిల్లా పేరు మాత్రమే మారినది. తిరుగుబాటు నాటి కాగితాలను వెదికేవాడు కర్నూలు కట్టలలో చూస్తే చాలదు, కడప కట్టలలో చూడవలెను. ఈ-మెయిల్ ఫోల్డర్లకు పేర్లు పెట్టేవారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. ‘కర్నూలు జిల్లా’ అని పేరు పెట్టిన ఫోల్డరు 2022తో ఆగిపోతుంది. ఊరి పేరు, విషయం పేరు, సంవత్సరం, ఈ మూడూ కలిపి పెట్టిన పేరు మాత్రం ఎక్కువ కాలం నిలుస్తుంది.

వానలెక్క చెప్పే నీతి

కొన్ని సమాచారాల విలువ కాలంతో తరుగుతుంది. ‘రేపు ఉదయం పది గంటలకు సమావేశం’ అన్న ఉత్తరం ఎల్లుండికి చిత్తుకాగితం. కొన్నిటి విలువ ఎన్నటికీ మారదు. పుట్టిన తేదీ అట్టిది. మూడవ రకం ఒకటి ఉన్నది. దాని విలువ కాలంతో పెరుగుతుంది. వానలెక్క ఇందుకు ఉదాహరణ.

రాయలసీమ వంటి మెట్ట ప్రాంతంలో ఒక్క రోజున ఎన్ని మిల్లీమీటర్లు కురిసినదన్నది ఆ రోజు రైతుకు కావలసిన వార్త. వారం తిరిగేసరికి అది పాత వార్త. కాని ఒక ప్రాంతపు వాతావరణం ఎట్టిదో నిర్ణయించడానికి ప్రపంచ వాతావరణ సంస్థ 30 సంవత్సరాల సగటును ప్రమాణంగా పెట్టినది. ఇప్పుడు వాడుకలో ఉన్న కాలం 1991 నుండి 2020 వరకు. ఈ ఏడు వాన తక్కువ అని చెప్పవలెనంటే, దేని కంటే తక్కువ అన్నదానికి ఆ 30 ఏళ్ళ లెక్కలు కావలెను. 1876–78 నాటి గొప్ప కరువుతో ఏ కరువునైనా పోల్చి చూడవలెనంటే ఆనాటి లెక్కలు ఉండవలెను. ఒక్కొక్క రోజు అంకెకు వేరుగా విలువ లేదు. అన్నీ చేరినప్పుడే విలువ. నడుమ ఆరు నెలలు లేకపోతే సగటు చెడిపోతుంది.

పాఠశాల ఆవరణలో వానకొలత పాత్ర పెట్టి, విద్యార్థుల చేత రోజూ కొలిపించి, ఆ అంకెను మెయిల్‌లో పంపే ఉపాధ్యాయుడు ఉన్నాడనుకుందాం. ఆయన పెట్టెలో ఆ ఉత్తరాలకు 6 నెలల గడువు పెట్టడం ఎట్టిది? గింజ మొలకెత్తక ముందే గాదె ఖాళీ చేయడం వంటిది. వయస్సు పెరిగితే విలువ తరుగుతుందన్న ఒకే ఒక ఊహ మీద ఆటో ఆర్కైవ్ నిలిచి ఉన్నది. ఆ ఊహ మొదటి రకానికి సరిపోతుంది, రెండవదానికి సరిపోదు, మూడవదానికి పూర్తిగా విరుద్ధం.

రికార్డు గది పద్ధతి

ఈ చిక్కును పాత కార్యాలయాలు చాలాకాలం క్రిందటనే ఎదుర్కొన్నవి. మద్రాసు రాజధాని కాలం నుండి ఆంధ్ర జిల్లా కచేరీలలో నడిచిన టాటెన్‌హామ్ పద్ధతి గురించి రెవెన్యూ ఉద్యోగులకు తెలియనిది కాదు. ఒక దస్త్రం మీద పని ముగిసిన తరువాత దాని మీద ఒక ముగింపు గుర్తు వేయవలెను. ‘ఎల్. డిస్.’ అంటే ఒక సంవత్సరం ఉంచి తీసివేయదగినది. ‘డి. డిస్.’ అంటే పది సంవత్సరాలు ఉంచవలసినది. ‘ఆర్. డిస్.’ అంటే శాశ్వతంగా ఉంచవలసినది.

ఇక్కడ గమనింపవలసిన విషయం ఒకటి ఉన్నది. ఆ పద్ధతిలో కూడా కాలమే గడువు. అయితే ఏ దస్త్రానికి ఏ గడువు అన్న నిర్ణయాన్ని, విషయం బాగా తెలిసిన మనిషి, పని ముగిసిన నాడే చేస్తాడు. రికార్డు గదిలోని ఉద్యోగి ఆ గుర్తును చూసి అమలు జరుపుతాడు. తీర్పు మనిషిది, అమలు పద్ధతిది. ఆటో ఆర్కైవ్‌లో అమలు యంత్రానిదే, తీర్పు కూడా యంత్రానిదే. మనిషి ఎన్నడో ఒకసారి ఒక అంకె వేసి మరచిపోతాడు.

చట్టం కూడా ఈ పాత వివేకాన్నే బలపరుస్తున్నది. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల రికార్డులను గురించినది. అందులో కంప్యూటరు తయారుచేసిన సమాచారం కూడా రికార్డేనని చెప్పబడినది; 1892కు పూర్వపు రికార్డులను, చదవరానంతగా చెడిపోయినవి తప్ప, నాశనం చేయరాదని నియమింపబడినది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 7వ విభాగం ప్రకారం, చట్టరీత్యా దాచవలసిన పత్రాన్ని కంప్యూటరులో దాచినప్పుడు అది తరువాత తెరచి చూడడానికి వీలుగా ఉండవలెను. ఎక్కడి నుండి వచ్చినది, ఎవరికి పోయినది, ఏ తేదీన, ఏ వేళకు అన్న వివరాలు నిలిచి ఉండవలెను.

ఈ దృష్టితో చూసినప్పుడు ఆటో ఆర్కైవ్‌లోని మరి రెండు లోపాలు బయటపడతవి. తరలించిన ఫైలు సాధారణంగా ఆ ఒక్క కంప్యూటరు డిస్కులోనే ఉంటుంది. డిస్కు పోతే కట్ట పోయినట్లే. ఆర్కైవ్ అనగానే చాలామంది రెండవ నకలు అనుకుంటారు. అది పొరపాటు. ఆర్కైవ్‌లో ఉత్తరం చోటు మారుతుందే గాని రెండు కాదు. రెండవ నకలును వేరే డిస్కు మీద విడిగా తీసి ఉంచవలెను. ఇక రెండవ లోపం మరింత ప్రమాదకరమైనది. ‘వేరే ఫైలుకు తరలించు’, ‘శాశ్వతంగా చెరిపివేయి’ అన్న రెండు ఎంపికలూ పక్కపక్కనే, ఒకే పరిమాణపు చుక్కలతో ఉన్నవి. ఒకటి గది మార్చడం, రెండవది నిప్పు పెట్టడం. వీటిని సమానంగా చూపడం రూపకర్తల బాధ్యతాలోపమని చెప్పక తప్పదు.

సరిదిద్దుకొనే మార్గం

లోపాలున్నవని ఈ ఏర్పాటును పూర్తిగా వదలివేయనవసరం లేదు. దానికి అడ్డగోలుగా లొంగిపోకుండా, తన పనికి తగినట్లు మలచుకొనవచ్చును. రికార్డు గది పద్ధతినే ఈ-మెయిల్‌కు అన్వయించినచో ఇట్లా ఉంటుంది.

మొదట మూడు ఫోల్డర్లు ఏర్పరచుకొనవలెను: ‘ఒక ఏడు’, ‘పది ఏండ్లు’, ‘శాశ్వతం’. పని ముగిసిన ఉత్తరాన్ని, దాని జవాబును, రెండింటినీ కలిపి వీటిలో ఏదో ఒకదానికి చేర్చవలెను. సమావేశాల పిలుపులు మొదటిదానికి. బిల్లుల ఉత్తర ప్రత్యుత్తరాలు రెండవదానికి. పుట్టిన తేదీలు, టి.సి.లు, సర్వీసు విషయాలు, వానలెక్కలు మూడవదానికి. తరువాత ‘ఒక ఏడు’ ఫోల్డరు ప్రాపర్టీస్‌లో 12 నెలల గడువు పెట్టవచ్చును. ‘శాశ్వతం’ ఫోల్డరుకు ‘ఆర్కైవ్ చేయవద్దు’ అన్న ఎంపిక పెట్టవలెను. ఇన్‌బాక్స్‌కూ, సెంట్ ఐటమ్స్‌కూ ఒకే గడువు పెట్టవలెను. నడిచే ముందు అడగమన్న గుర్తును తీసివేయరాదు. శాశ్వతంగా చెరిపే ఎంపికను ఏ ఫోల్డరుకూ పెట్టకపోవడం క్షేమం. చెరపవలసినవాటిని ఏడాదికి ఒకసారి మనిషే చూసి చెరపవచ్చును.

ఒకే ఒక ఉత్తరాన్ని కాపాడదలచినచో, ఆ ఉత్తరపు ప్రాపర్టీస్‌లో ‘దీనిని ఆటో ఆర్కైవ్ చేయవద్దు’ అన్న గడి ఒకటి ఉన్నది. ‘ఆర్. డిస్.’ గుర్తుకు ఇది సరియైన జోడు. ఇంత విలువైన గడిని ఇన్ని తలుపుల వెనుక దాచడం విచిత్రం. ఉత్తరం పైననే అది కనబడుతుండినట్లయితే ఈ విమర్శలో సగం అవసరం ఉండేది కాదు.

ఇతర ప్రోగ్రాములు వేరే దారులు త్రొక్కినవి. థండర్‌బర్డ్‌లో వాడుకరి మీట నొక్కినప్పుడే ఉత్తరం ఆర్కైవ్‌కు పోతుంది. అక్కడ సంవత్సరం వారీగా సర్దబడుతుంది. తీర్పు మనిషి చేతిలోనే ఉన్నది కాబట్టి ఇది పాత పద్ధతికి దగ్గర. జీమెయిల్‌లో ఆర్కైవ్ అంటే ఇన్‌బాక్స్ అన్న చీటీని తొలగించడం మాత్రమే. ఉత్తరం వెదికితే దొరుకుతుంది. చెత్తబుట్టలో వేసినవి మాత్రం 30 రోజుల తరువాత చెరిగిపోతవి. మైక్రోసాఫ్టువారు తెచ్చిన కొత్త ఔట్లుక్‌లో ఆటో ఆర్కైవ్ కనబడదు. అది క్లాసిక్ ఔట్లుక్‌లోనే ఉన్నది. దాని స్థానంలో, సంస్థల ఖాతాలకు సర్వరు మీదనే గడువులు నిర్ణయించే పద్ధతి వ్యాపిస్తున్నది. ఇందువల్ల డిస్కు పోయే భయం తగ్గుతుంది. కాని గడువు వేసే చేయి వాడుకరి నుండి మరింత దూరమవుతుంది. ఎక్కడో కూర్చున్న అధికారి వేసిన ఒక అంకె వేలమంది పెట్టెలకు వర్తిస్తుంది. కాబట్టి తన ఖాతాకు ఏ గడువు ఉన్నదో అడిగి తెలుసుకొనవలసిన అవసరం ఇప్పుడు ఎక్కువయినదే గాని తక్కువ కాలేదు.

వర్గీకరణ అన్నది విజ్ఞానశాస్త్రానికి పునాది వంటి పని. మొక్కలను ఎత్తును బట్టి మాత్రమే విభజిస్తే, వేపమొక్కా గడ్డిమొక్కా ఒకే కులమవుతవి. ఉత్తరాలను వయస్సును బట్టి మాత్రమే విభజించడం కూడా అటువంటిదే. సులభంగా కొలవగలిగిన గుణమే ముఖ్యమైన గుణమని భ్రమపడే అలవాటు యంత్రానికి సహజం. యంత్రం తేదీని చదవగలదు, విలువను చదవలేదు.

తరగతిలో దీనిని ఒక అభ్యాసంగా చేయించవచ్చును. పాఠశాలకు వచ్చే ఉత్తరాల రకాలను ఒక ఇరవై పలకపై వ్రాసి, ఒక్కొక్కటి ఎంతకాలం ఉంచవలెనో, ఎందుకు ఉంచవలెనో విద్యార్థుల చేత చెప్పించవలెను. సమాధానాలు ఒక్కటిగా రావు, వాదన జరుగుతుంది. ఆ వాదనలో, ఈనాటి ఏ చిన్న అంకె నూరేళ్ళ తరువాత ఎవరికి సాక్ష్యమవుతుందోనని ఒక్క విద్యార్థి అడిగినా ఆ గంట వృథా కాదు.